దొరసాని గటకకు ఇద్దరు సాక్షులు

మిరపకాయతో మొదలుపెడతాను. రోజూ మీ కంచంలో ఉండేదే కనుక నమ్మించడం తేలిక. మిరప ఈ నేలలో పుట్టిన మొక్క కాదు. ఓడల మీద వచ్చిన పరాయి పంట. అది రాకముందు మన వంటలో కారానికి మిరియమే ఆధారం. కొత్త కాయ కూడా నాలుకను మండించింది కాబట్టి, పాత మిరియం పేరునే దానికి తగిలించి మనవాళ్లు సరిపెట్టుకున్నారు. క్రమంగా కాయ వంటిల్లంతా ఆక్రమించింది. పేరిచ్చిన మిరియం పోపుల డబ్బాలో ఒక మూలకు చేరింది.

మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మొక్కజొన్నను మక్కలంటారు. అది మక్కా పట్టణం నుంచి వచ్చిన పేరని చెప్పేవారు చాలామంది. పంట మాత్రం మక్కాలో పుట్టింది కాదు. అదీ సముద్రాల అవతలిదే. ఆ మాటే నిజమనుకున్నా, పేరు పంట పుట్టుకను చెప్పడం లేదు. అది ఏ దిక్కునుంచి వచ్చిందని జనం నమ్మారో చెబుతున్నది, అంతే. పుట్టుక వేరు, నమ్మిక వేరు. ఈ రెంటినీ విడదీయడమే ఇరవై ఏళ్లకు పైగా నా ఉద్యోగం. పదసేకరణలోకి కొత్తగా వస్తున్న మీకు ఆ ఉద్యోగంలోని గెలుపులు చెప్పేవారు ఇంకెవరైనా దొరుకుతారు. నేను ఒక్క చీటీ సంగతి చెబుతాను. చీటీ అంటే నిఘంటువు కోసం మేము ఒక మాటా, దాని పుట్టుకా రాసుకునే కాగితం.

తెలుగువారందరికీ ఒకే రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఒక నిఘంటు కార్యాలయంలో పరిశీలకుడిగా చేరాను. చదివింది రసాయనశాస్త్రం. భాష చదివినవాళ్ల మధ్య నన్నెందుకు తీసుకున్నారో మొదట అర్థం కాలేదు. మా కార్యాలయ పెద్ద గొప్ప సంస్కృత పండితులు. పడక్కుర్చీలో కూర్చుని, ఏ పల్లె మాట వినిపించినా తాంబూలం నమిలేలోపల దానికొక ధాతువు చూపించేవారు. ఆ వేగానికి పగ్గం వేయమని పైవారెవరో అనుకున్నారట. నేను వేశాను. ప్రయోగశాలలో ఒకే ఫలితం రెండుసార్లు రాకపోతే దాన్ని ఫలితమనరు. అదే ఇక్కడికి తెచ్చాను. ఒక పేరు ఎలా పుట్టిందో రాయాలంటే, ఒకే ఇంటివారు కాని ఇద్దరు, ఒకరు చెప్పింది మరొకరు వినకుండా, ఒకే మాట చెప్పాలి. అడిగేవాడు ప్రశ్నలో జవాబును సూచించకూడదు. మొదటి సాక్షి ఎవరో రెండో సాక్షికి తెలియనీయకూడదు. చీటీ మీద ఇద్దరి వేలిముద్రలు పడితేనే అచ్చుకు.

చేరిన మొదటేడే నాకొక పరాభవం జరిగింది. పాలమూరు బజారులో ఒకామె గంపలో సీతాఫలాలు అమ్ముతూ, "సీతమ్మ తిన్న పండు సారూ, గందుకే గీ పేరు" అన్నది. నాలోని పరిశీలకుడు ఊరుకోలేదు.

"సీతమ్మ కాలంలో ఈ చెట్టే లేదమ్మా. ఇది సముద్రం అవతలినుంచి వచ్చింది."

ఆమె పండు తూచడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "మరి సీతమ్మను ఎత్తుకపోయింది సముద్రం అవతలికే గద! వచ్చేటప్పుడు ఒళ్లె రెండు గింజలు కట్టుకొని వచ్చిందేమో. నువ్వు సూసినవా?"

నా వెంట ఉన్న మిత్రుడు, పాలమూరువాడే, మాటలు సేకరించడంలో నాకంటే పదింతలు సమర్థుడు, బజారంతా వినిపించేలా నవ్వాడు. "రాస్కో అన్నా. ఒక సాక్షి దొరికింది. ఇంకొకతె దొరికితే అచ్చుకు పంపొచ్చు."

తరువాత చాలా కాలం ఆ మాట గుర్తు చేసి నన్ను ఏడిపించేవాడు. ఒళ్లో కట్టుకున్న గింజల మాట నాకు నవ్వు తెప్పించకుండా పోయింది ఆ పై వేసవిలో.

మర్రిగూడ దిక్కున మెట్ట ఊళ్లలో తిండి పదాలు సేకరిస్తున్నాం. అక్కడి ఫ్లోరైడు నీళ్లు తాగినవారి పళ్లు గోధుమరంగు తిరిగి ఉంటాయి. నడుములు నలభై ఏళ్లకే వంగిపోతాయి. ఒక ఊళ్లో చింతగింజలతో వండే గటకను 'దొరసాని గటక' అంటారని తెలిసింది. గటక అంటే మీకు తెలిసిందే, జొన్న రవ్వనో మక్క రవ్వనో చిక్కగా ఉడికించిన ముద్ద. చింతగింజల గటక కరువు తిండి. దానికి దొరసాని పేరెందుకు? దొర ఉండే కోటలాంటి ఇల్లు గడి; దాని గుమస్తా చెప్పాడు: వెనుకటి కరువులో దొరసాని ఊరి పేదలకు గింజలు పంచిపెట్టిందట. పూజారిని వేరుగా అడిగాను. అదే మాట. ఇద్దరూ ఒక ఇంటివారు కాదు, ఒకరి మాట ఒకరు వినలేదు. వేలిముద్రలు అక్కర్లేదు, ఇద్దరూ సంతకాలే చేశారు. ఒక పూటలో పూర్తయిన చీటీ అంతకుముందు నాకు లేదు.

మిగిలింది వండే పద్ధతి. దానికోసం గొల్లవాడకు వెళ్లాను. ఒక ముసలామె గుడిసె ముందు మంగలంలో చింతగింజలు వేయిస్తున్నది. నడుము పూర్తిగా వంగిపోయింది. నన్ను చూడడానికి మెడ పక్కకు తిప్పవలసి వచ్చింది. గింజ వేగి పొట్టు పగలాలని, నీళ్లలో నానేసి దంచాలని ఓపికగా చెప్పింది. నేను రాసుకుని, మాట వరసకు అన్నాను: "దొరసాని కరువులో పెట్టిందట కదా అవ్వా."

చేతిలోని గరిటె ఆగింది. "పెట్టింది. ఎవలకు పెట్టిందో చెప్పిండ్రా నీకు?"

"చెప్పలేదు."

"నేను చెప్తే రాస్తవా?"

"రాస్తాను."

మంగలం దించి పక్కన పెట్టింది. "కరువు ఏడు సారూ. నాకు పద్నాలుగేండ్లో పదిహేనేండ్లో. నా చెల్లె నాకన్న రెండేండ్లు సిన్నది. గడిల చింతపండు కొట్టనీకి ఇంటికొక ఆడిదాన్ని పిలిచిండ్రు. కూలి లేదు, ఎట్టి. మా ఇంట్లకెల్లి ఇద్దరం పోతిమి, ఆడనన్న ఏమన్న దొరుకుతదని. పండు లోపలికి, గింజలు ఎడ్లకు. ఎడ్లు తింటుంటే సూసుకుంట కూసుంటిమి. ఒకనాడు నా చెల్లె నాలుగు పిడికిళ్ల గింజలు ఒళ్లె కట్టుకున్నది. దర్వాజ కాడ దొరసాని ఒడి ఇప్పించింది."

"కొట్టారా?"

"కొడితే బతుకుతుండె." ఆమె గొంతు ఏమీ మారలేదు. "'ఆకలైతే ఈడనే తిను, ఒక్క గింజ ఇంటికి పోవద్దు' అన్నది. ఎండల కూసుండబెట్టి, ఏంచని గింజలు, పొట్టుతోని, అన్ని మింగిచ్చింది. మేము సూసుకుంట నిలబడ్డం. మూడోనాడు కడుపుబ్బి సచ్చింది."

ఆ వాక్యాన్ని కూడా నేను పరీక్షించానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. నల్లగొండ తిరిగివచ్చాక ఒక వైద్యుణ్ణి అడిగాను. పచ్చి చింతగింజ అరగదని, అన్ని మింగితే పేగుకు అడ్డుపడి ప్రాణం తీయవచ్చునని ఆయన చెప్పాడు.

ముసలామె ఆనాడు అక్కడితో ఆపలేదు. "పాపం తగుల్తదని భయపడ్డరో ఏమో, తెల్లారి దొర గింజలన్ని దర్వాజ బయట పోయించిండు. ఊరోళ్లం ఏరుకొచ్చుకొని ఏంచి వండుకుంటిమి. ఎసరు పెట్టుకుంట ఆడోళ్లు 'దొరసాని పెట్టింది తిందాం పాండ్రి' అంటుండ్రి. గట్ల వడ్డది పేరు. గిప్పటోళ్లకు గది తెల్వదు. ఇష్టంగ తింటరు."

గమనించండి: రెండు కథనాలలోనూ గింజలు గడినుంచే బయటికి వచ్చాయి. గుమస్తా, పూజారి చెప్పినది అబద్ధం కాదు. అందులో ఒక మనిషి లేదు, అంతే.

"నా చెల్లె పేరు రాయి సారూ," అన్నది ఆమె. "దానికి పెండ్లి కాలె, పిల్లలు కాలె. ఏడ దాని పేరు లేదు. నేను పోతే అనెటోళ్లు కూడ ఉండరు." ఆ పేరు చెప్పింది. నా కలం కదలలేదని చూసి మళ్లీ చెప్పింది. "రాసినవా?"

"రాస్తాను."

ఆ క్షణంలో రాయలేదు. మా చీటీలో చెప్పినవారి పేరుకు జాగా ఉన్నది. చెప్పబడినవారి పేరుకు లేదు. పైగా ఒక్క సాక్ష్యంతో చీటీ మొదలుపెట్టడం నా పద్ధతి కాదు. రెండో సాక్షి దొరికాక, శుభ్రంగా కొత్త చీటీ మీద రాద్దామనుకున్నాను.

రెండో సాక్షి ఉన్నది కూడా. ఆనాడు ఆమె పక్కన నిలబడి చూసిన సాలోళ్ల పిల్ల ఒకతె, చిన్ననాటి స్నేహితురాలు; ఆ సంగతి ముసలామే చెప్పింది. నారాయణపేటలో నేతగాళ్లింటికి ఇచ్చారు. బతికే ఉన్నదని ఊళ్లో చెప్పారు. వానలు వెనుకబట్టాక నాకూ మిత్రుడికీ అటు వెళ్లే పని పడింది.

నారాయణపేటలో బస్సు దిగి నడుస్తుండగా మిత్రుడు అన్నాడు: "అన్నా, గడి ముచ్చట అడగనీకి పోతున్నం. ముందుగల్ల ఆ గొల్ల అవ్వ పేరు చెప్పు. 'నీ సోపతి పంపింది' అను. భయం పోతది."

"అంటే సాక్ష్యం చెడుతుంది. నేను చెప్పిందే ఆమె తిరిగి చెబుతుంది."

"మనిషితోని మాట్లాడనీకి పోతున్నం అన్నా. సీసల నీళ్లు పరీక్ష చెయ్యనీకి కాదు."

"నీళ్లకున్న న్యాయం మనిషికీ ఉండాలి" అన్నాను. అప్పుడది గొప్ప మాటనిపించింది.

ఆమె మగ్గం గుంట పక్కన రాట్నం మీద కండెలు చుడుతున్నది. ఎర్ర నూలు. నా తెల్లబట్టలనూ, చేతిలోని కాగితాలనూ చూసి కొంగు సవరించుకున్నది. నా నియమం ప్రకారం అడిగాను: "మీ పుట్టినూళ్లో దొరసాని గటక అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందమ్మా?"

రాట్నం ఆగింది. "సార్లు గడికెల్లి వచ్చిండ్రా?"

మిత్రుడు నావైపు చూశాడు. ఒక్క మాట చాలునని ఆ చూపు చెప్పింది. నేను అన్నాను: "ఎక్కడినుంచైతేనేమి, మీకు తెలిసింది చెప్పండి."

ఆమె కాసేపు నూలుపోగును వేళ్ల మధ్య నలిపింది. "దొరసాని ధర్మాత్మురాలు సారూ. కరువుల ఊరికి గింజలు పోసింది. గంతే."

రాసుకున్నాను. చేయి ఆగిన సంగతి నేను చూశాను; దాన్ని రాయడానికి మా చీటీలో జాగా లేదు. వేలిముద్ర వేయించుకుని లేవబోతుంటే ఆమె గొంతు తగ్గించి అడిగింది: "ఆ ఊళ్లె గొల్లోళ్ల పెద్దది ఉండె. బతికే ఉన్నదా?"

"ఎవరేం చెప్పారో మేము చెప్పకూడదమ్మా."

ఆమె తలూపి మళ్లీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. బయటికి వచ్చాక మిత్రుడు బస్టాండు దాకా నాకంటే పది అడుగులు ముందే నడిచాడు.

కార్యాలయంలో పండితులవారికి అంతా విన్నవించాను, ముసలామె కథనంతో సహా. ఆయన దుర్మార్గులు కారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "హృదయవిదారకం. కాని ఏమయ్యా, అటు మూడు సాక్ష్యాలు, ఇటు ఒకటి. నియమం నాదా, నీదా?"

"నాదేనండీ."

"అయితే సంతకం చెయ్యి."

చేశాను. ముసలామె మాటలను 'ధ్రువపడలేదు' అన్న కట్టలో పెట్టాను. 'దొరసాని గటక: చింతగింజలతో చేయు గటక. కరువు కాలమున ఒక దొరసాని పేదలకు గింజలు పంచిపెట్టుటచే వచ్చిన పేరు.' తప్పు లేని అచ్చు. పొల్లు పోని వాక్యం.

నిఘంటువు మొదటి భాగం బయటికి వచ్చేసరికి కొన్నేళ్లు పట్టింది. మళ్లీ వానలు లేని కాలం. మర్రిగూడ దిక్కున బావులు అడుగంటాయి. చౌక దుకాణాల్లో ఓడలమీద వచ్చిన ఎర్ర జొన్నలు ఇస్తున్నారు. నేను ఆ పుస్తకం చంకన పెట్టుకుని గొల్లవాడకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నిజాయితీగా చెప్పాలంటే, ఎవరో ఒకరి నోట చీవాట్లు తినవలసి ఉందనిపించి.

ఆమె ఇంకా వంగిపోయింది. నన్ను గొంతుతో గుర్తుపట్టింది. "అచ్చయిందా సారూ? సదువు."

చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు. ఆమె చేత్తో పుస్తకం పుట తడిమింది, రొట్టె కాలిందో లేదో చూసినట్టు.

"నా చెల్లె పేరు ఏడున్నది?"

"లేదు అవ్వా." నియమం సంగతి చెప్పాను. ఇద్దరు కావాలని, అటు ముగ్గురు దొరికారని. నారాయణపేట మాట మాత్రం చెప్పలేదు. అది కూడా నియమమే.

ఆమె కోప్పడుతుందని ఎదురుచూశాను. లేదు. లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "గడికి ఇద్దరేంది సారూ, ఊరంత దొరుకుతది. మాకు నేనొక్కదాన్నే ఉంటి."

తరువాత పొయ్యి మీది కుండ దించి, ఎర్ర జొన్న గటక ఆకులో పెట్టి నా ముందుకు జరిపింది. నేను వద్దన్నాను. "తిను. గిది కూడ ఎవలో పెట్టిందే. దీనికి ఏం పేరు పెడ్తరో, మీరేం రాస్తరో, సూడనీకి నేనుండ." తిన్నాను. రుచి గుర్తులేదు.

ఆ మరుసటేడు మిత్రుడు నేత పదాల కోసం నారాయణపేట వెళ్లాడు. నాకు చెప్పకుండా ఆ ఇంటికి వెళ్లాడు. మొదటి మాటగానే గొల్ల అవ్వ పేరు చెప్పాడట. కండెలు చుట్టే ఆమె రాట్నం పక్కకు నెట్టి, ఆపకుండా చెప్పిందట. ఎండ, ఒడి, నాలుగు పిడికిళ్లు, మూడో రోజు. అన్నీ సరిపోయాయి. చివర ఆమె అన్న మాటను మిత్రుడు చీటీ వెనుక రాసుకొచ్చాడు: 'మా అన్న అప్పటికింక దొర భూమిల్నే ఉండె. ఆనాడు ఆ సారు, నీ సోపతే పంపింది అంటే అప్పుడే చెప్పేదాన్ని.'

చీటీ నా బల్లమీద పెట్టి మిత్రుడు అన్నాడు: "రెండో సాక్షి అన్నా. నీ నియమం తప్పితేనే వచ్చింది."

నేను అదే వారం మర్రిగూడ బస్సెక్కాను. గుడిసె కప్పు కూలి ఉన్నది. ముసలామె చలికాలంలో పోయిందని, కొడుకు గొర్రెలమ్ముకుని ఇంటిల్లిపాదితో కూలికి పోయాడని పొరుగువారు చెప్పారు. ఎక్కడికో తెలియదన్నారు. అప్పటికి నాకు గుర్తులేకుండా పోయిన చెల్లెలి పేరు అడిగాను. ఆమెకొక చెల్లెలున్నట్టే వాళ్లకు తెలియదు. నారాయణపేటకు మనిషిని పంపి అడిగించాను. చిన్నప్పుడు అందరూ 'సిన్నది' అని పిలిచేవారని, అసలు పేరు తట్టడం లేదని కబురొచ్చింది. 'ధ్రువపడలేదు' కట్ట విప్పి ముసలామె మాటలున్న కాగితం తీశాను. గింజలెలా వేయించాలో ఉన్నది, నానబెట్టే పద్ధతి ఉన్నది, దొరసాని మాటలు పొల్లుపోకుండా ఉన్నాయి. 'నా చెల్లె పేరు' అన్నచోట నేను చిన్న గీత గీసి వదిలేశాను, తరువాత నింపుదామని.

సవరణ చీటీ తయారు చేసి పండితులవారికిచ్చాను. అనుబంధంలో తప్పక వేద్దామన్నారు. అనుబంధం వెలువడలేదు. కార్యాలయాన్ని మరొక శాఖలో కలిపేసి, మమ్మల్ని తలో దిక్కుకు పంపారు. అచ్చయిన వాక్యం ఇప్పటికీ గ్రంథాలయాలలో ఉన్నది. ఈమధ్య ఒక వంటల పుస్తకంలో దాన్ని ఎత్తి రాసుకున్నారు. దొరసాని దయాగుణాన్ని మరో రెండు మాటలతో పెంచారు కూడా.

నియమం చెడ్డదని మీకు చెప్పను. అది లేకపోతే ఇప్పటికీ సీతాఫలాన్ని సీతమ్మ ఒడిలోనే పెట్టి ఉండేవాళ్లం. కాని ప్రయోగశాలలో గాజుగొట్టం నన్ను చూసి భయపడదు. గడి పేరు వింటే రాట్నం ఆపదు. మాట్లాడగలవారిని లెక్కపెట్టాను. మాట్లాడలేకపోయినవారు ఎందరో లెక్కపెట్టడానికి నాకు పద్ధతి లేకపోయింది.

సవరణ చీటీ నా దగ్గరే ఉన్నది. వెనుకవైపు మిత్రుడి దస్తూరి, దాని కింద నారాయణపేట వేలిముద్ర. మిత్రుడు కూడా ఇప్పుడు లేడు. పేరు ఉండవలసిన చోట ఖాళీ అలాగే ఉన్నది. ఆ ప్రాంతపు ఆడపేర్లు నాకు కొన్ని వందలు తెలుసు. రాత్రిళ్లు కాదు, పట్టపగలే, పత్రిక చదువుతూనో గుండీ పెట్టుకుంటూనో వాటిని ఒక్కొక్కటే అనుకుని చూస్తాను. ఏదో ఒకటి ముసలామె గొంతులో వినిపిస్తుందేమోనని. కొన్ని దాదాపు వినిపిస్తాయి. దాదాపు వినిపించినదాన్ని రాయకూడదు. ఏ పేరు రాసినా కాదనేవారు లేరు, అందుకే రాయలేదు.

ఆ పిల్లకు ఒక పేరుండేదని, దాన్ని ఆమె అక్క నా ఎదుట రెండుసార్లు పలికిందని చెప్పగల సాక్షిని ఇప్పుడు నేనొక్కణ్ణే. ఒక్క సాక్షి చాలడన్న నియమం నాదే.